ఉబ్బసం: పీల్చే గాలి శ్వాసనాళాన్ని ఏం చేస్తుంది?

2013 ఫిబ్రవరి 15న లండన్ నగరంలో ఎల్లా అడూ-కిస్సీ-డెబ్రా అనే తొమ్మిదేళ్ల పాప తీవ్రమైన ఉబ్బసంతో చనిపోయింది. లూయిషమ్ ప్రాంతంలో వాహనాలు నిత్యం కిక్కిరిసి వెళ్లే ఒక పెద్ద రహదారికి దగ్గరలోనే ఆ కుటుంబం ఇల్లు. చివరి మూడేళ్లలో ఆ పాపను పాతిక సార్లకు పైగా ఆసుపత్రికి తీసుకెళ్లారు. మొదటి విచారణలో శ్వాస ఆగిపోవడం వల్ల మరణం అని రాసి ఊరుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. ఏళ్ల తరబడి పోరాడి మళ్లీ విచారణ జరిపించింది. 2020 డిసెంబర్ 16న తీర్పు వచ్చింది. మరణ కారణాల్లో వాయు కాలుష్యాన్ని కూడా చేర్చారు. బ్రిటన్‌లో ఒక వ్యక్తి మరణ కారణంగా వాయు కాలుష్యాన్ని అధికారికంగా రాయడం అదే మొదటిసారి. ఆ తీర్పులో ఇంకో మాట ఉంది. గాలి వల్ల తన బిడ్డకు ముప్పు ఉందని ఆ తల్లికి ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆమె చేయగలిగింది ఏదైనా చేసి ఉండేది.

ఈ వ్యాసానికి ఆ రెండో మాటే కారణం. ఉబ్బసానికి మందులు ఉన్నాయి, డాక్టర్లు ఉన్నారు, మీవంటి దాతల దయ వల్ల పేదలకు కొంత సహాయమూ అందుతోంది. కానీ ఆ రోగి రోజంతా ఏ గాలి పీలుస్తున్నాడు, ఆ గాలి అతని గొట్టాలను ఏం చేస్తోంది అన్న విషయం దాదాపు ఎవరూ చెప్పరు. మందుల చీటీలో దానికి చోటు ఉండదు.

ప్రపంచ వ్యాధిభారం అంచనాల ప్రకారం మన దేశంలో సుమారు మూడున్నర కోట్ల మందికి ఉబ్బసం ఉంది. ప్రపంచంలోని ఉబ్బస రోగుల్లో మన వాటా 13 శాతం దాకా ఉంటే, ఉబ్బస మరణాల్లో మన వాటా 40 శాతం దాటింది. ఈ రెండు అంకెల మధ్య ఉన్న తేడా జబ్బుది కాదు. మందు సరిగా అందకపోవడం, గాలి బాగుండకపోవడం, తెలియకపోవడం, ఈ మూడింటిదీ.

గొట్టం లోపల

మనిషి రోజుకు సుమారు ఇరవై వేల సార్లు ఊపిరి పీలుస్తాడు. లోపలికి వెళ్లే గాలి పది వేల లీటర్ల పైమాటే. తినే అన్నం కిలో దాటదు, తాగే నీళ్లు మూడు నాలుగు లీటర్లు. తిండి విషయంలో ఎంతో జాగ్రత్త పడతాం, నీళ్లు వడపోసుకుంటాం. పది వేల లీటర్ల గాలిని మాత్రం ఏది దొరికితే అది పీలుస్తాం.

గొంతు నుంచి దిగే శ్వాసనాళం రెండుగా చీలుతుంది, ఆ రెండూ మళ్లీ రెండేసిగా, ఇలా సుమారు 23 సార్లు కొమ్మలు వేసి చివరికి కోట్ల కొద్దీ చిన్న గాలిగదుల దగ్గర ఆగుతుంది. తలకిందులుగా నిలబెట్టిన చెట్టులా ఉంటుంది. ప్రతి గొట్టానికీ లోపల తడి పొర, దాని మీద సన్నని నూగు. ఆ నూగు ఎప్పుడూ పైకి ఊడుస్తూనే ఉంటుంది. దుమ్ము ఆ తడిలో చిక్కుకుంటే నూగు దాన్ని గొంతు దాకా తోసేస్తుంది, మనం తెలియకుండానే మింగేస్తాం. పొర వెనక గొట్టం చుట్టూ ఉంగరాల్లా కండరం ఉంటుంది.

ఉబ్బస రోగిలో ఈ మూడూ దెబ్బతింటాయి. లోపలి పొర ఎప్పుడూ కొంచెం వాచి ఉంటుంది, బాగున్న రోజున కూడా. కళ్లె ఎక్కువగా, చిక్కగా ఊరుతుంది. చుట్టూ ఉన్న కండరం చిన్న కవ్వింపుకే బిగుసుకుంటుంది. ఈ చివరిదే ఆయాసంగా, పిల్లికూతలుగా బయటికి కనిపిస్తుంది. కనుక జనం దాన్నే జబ్బు అనుకుంటారు. అసలు జబ్బు వాపు. బిగుతు దాని మీద వచ్చే పొంగు.

గొట్టం కాస్త ఇరుకైతే ఏమవుతుందిలే అనిపించవచ్చు. ఇక్కడ ఒక లెక్క ఉంది. గొట్టం వ్యాసార్థం సగానికి తగ్గితే, అందులోంచి అదే గాలిని తోయడానికి పడే కష్టం రెండింతలు కాదు, పదహారింతలు అవుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో ప్వాజోయ్ అనే ఫ్రెంచి వైద్యుడు సన్నని గొట్టాల్లో ద్రవాలు పారే తీరు కొలిచి చెప్పిన సూత్రం ఇది. ఊపిరితిత్తుల్లో గాలి ప్రతిచోటా అంత సాఫీగా పారదు కాబట్టి లెక్క అచ్చంగా సరిపోకపోవచ్చు, దిశ మాత్రం అదే. పిల్లల గొట్టాలు పుట్టుకతోనే సన్నవి. పెద్దవాడిలో లెక్కలోకి రానంత వాపు పసివాడిలో ఊపిరి ఆడనీయదు. పైగా శరీర బరువుతో పోలిస్తే పిల్లలు మనకంటే ఎక్కువ గాలి పీలుస్తారు, అంటే విషాన్ని కూడా ఎక్కువే తీసుకుంటారు.

విషం ఏ దారిన వెళుతుంది

గాలిలోని దుమ్మును శాస్త్రవేత్తలు సైజును బట్టి విడదీస్తారు. మన తలవెంట్రుక మందం 50 నుంచి 70 మైక్రాన్లు. పది మైక్రాన్ల కంటే పెద్ద రేణువులు ఎక్కువగా ముక్కులోనే ఆగిపోతాయి. రెండున్నర మైక్రాన్లు, అంతకంటే చిన్నవి, అంటే పత్రికల్లో రోజూ చూసే పీఎం 2.5, చిట్టచివరి కొమ్మల దాకా వెళతాయి. కంటికి కనిపించే దుమ్ము కంటే కనిపించని పొగ ప్రమాదకరం అనడానికి కారణం ఇదే. రోడ్డు మీద లేచిన ఎర్రదుమ్ము చూసి ముక్కు మూసుకునే మనం, డీజిల్ ఆటో పక్కన నిలబడి కబుర్లు చెప్పుకుంటాం.

పీఎం 2.5 ఏడాది సగటు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. 2009 నుంచి మన దేశంలో అమలులో ఉన్న ప్రమాణం 40. మన ప్రమాణాన్ని అందుకున్న ఊరు కూడా ఆ సంస్థ చెప్పినదానికి ఎనిమిది రెట్ల దుమ్ము పీలుస్తూ ఉండవచ్చన్నమాట.

వాయువుల సంగతి వేరు. బొగ్గు, చమురు మండినప్పుడు వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ నీటిలో ఇట్టే కరుగుతుంది. మామూలుగా ముక్కు తడే దాన్ని పట్టేస్తుంది. కానీ పరుగెత్తేటప్పుడు, మెట్లెక్కేటప్పుడు నోటితో పీలుస్తాం. అప్పుడు అది నేరుగా గొట్టాల్లోకి దిగి అక్కడి నరాలను రెచ్చగొడుతుంది, కొద్ది నిమిషాల్లోనే కండరం బిగుసుకుంటుంది. ఆరోగ్యవంతుడికి ఏమీ తెలియని మోతాదుకే ఉబ్బస రోగికి ఛాతీ పట్టేస్తుంది. ఓజోన్ అంతగా నీటిలో కరగదు కాబట్టి లోతుకు పోతుంది. ఇది ఏ గొట్టంలోంచీ రాదు. వాహనాల పొగ మీద ఎండ పడి పుడుతుంది. అందుకే వేసవి మధ్యాహ్నాలు దానివి, చలికాలపు ఉదయాలు పొగవి. చలికాలంలో నేలకు దగ్గరి గాలి చల్లబడి కిందే కదలక ఉండిపోతుంది, పొగ పైకి లేవలేదు. తెల్లవారుజామున నడక మంచిదని చెప్పే సలహా నగరంలో ఉబ్బస రోగికి అన్ని నెలల్లోనూ వర్తించదు.

ఇవి చేసే అసలు నష్టం పైపొర మీద. పొరలోని కణాలు ఇటుకల గోడలా ఒకదానినొకటి పట్టుకుని ఉంటాయి. పొగలోని రసాయనాలు, ఓజోన్ ఆ పట్టును సడలిస్తాయి. సందులు పడతాయి. దెబ్బతిన్న కణాలు ప్రమాద సంకేతాలు పంపిస్తాయి, రక్తంలోంచి రక్షణ కణాలు పరుగున వచ్చి చేరతాయి, వాపు పెరుగుతుంది. ఆ సందుల్లోంచి పుప్పొడి, బొద్దింకల మలం, పరుపుల్లోని సూక్ష్మ పురుగుల వ్యర్థాలు లోపలికి వెళతాయి. అలర్జీ ఉన్నవారిలో వాటి కోసం ఐజీఈ అనే ప్రతిరక్షకాలు ముందే సిద్ధంగా ఉంటాయి. వెంటనే హిస్టమిన్, ల్యూకోట్రైన్లు విడుదలై గొట్టం మూసుకుంటుంది. కొన్ని నిమిషాల్లో మొదటి దాడి. అది సర్దుకున్నాక నాలుగు నుంచి ఎనిమిది గంటల తరువాత చాలామందికి రెండోది. సాయంత్రం పీల్చినది అర్ధరాత్రి లేపుతుంది. ఇంట్లోవాళ్లు రాత్రి తిన్న పెరుగునో అరటిపండునో అనుమానిస్తారు.

పొగ, అలర్జీ కలిసి వస్తే కూడిక కాదు, హెచ్చవేత. 1997లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ పరిశోధకులు అలర్జీ ఉన్నవారి ముక్కులో ఒకసారి పుప్పొడి సారం ఒక్కటే, మరోసారి దానితో పాటు డీజిల్ పొగ రేణువులు వేసి చూశారు. రెండూ కలిపినప్పుడు ఆ పుప్పొడికి ఎదురు తయారైన ఐజీఈ పదహారు రెట్లు ఎక్కువ. పొగ అలర్జీని మోసుకొస్తుంది, మంట కూడా పెడుతుంది.

ఇంకా తేలికగా అర్థమయ్యే పరీక్ష లండన్‌లో జరిగింది. డీజిల్ బస్సులు, టాక్సీలు మాత్రమే తిరిగే ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో 60 మంది ఉబ్బస రోగులను రెండు గంటలు నడిపించారు. మరో రోజు వాళ్లనే దగ్గరలోని హైడ్ పార్కులో అంతే సేపు నడిపించారు. 2007లో ఫలితాలు వచ్చాయి. మొదటి సెకనులో బలంగా వదలగలిగే గాలి పార్కులో 1.9 శాతం దాకా తగ్గితే, వీధిలో 6.1 శాతం దాకా తగ్గింది. మనుషులు వాళ్లే, కాళ్లు అవే, మందులు అవే. మారింది వీధి ఒక్కటే.

బార్సిలోనా పాఠం

ఈ విషయంలో నన్ను బాగా ఆలోచింపజేసిన ఉదంతం స్పెయిన్‌లోని బార్సిలోనా రేవు పట్టణానిది. 1981 నుంచి అక్కడి ఆసుపత్రులకు ఒక వింత అనుభవం ఎదురైంది. ఉన్నట్టుండి ఒక రోజున, కొద్ది గంటల్లోనే, పదుల సంఖ్యలో ఉబ్బస రోగులు అత్యవసర విభాగానికి వచ్చిపడేవారు. ఎక్కువమంది పెద్దవాళ్లు. కొందరిని యంత్రం మీద పెట్టవలసి వచ్చేది, కొందరు దక్కలేదు. మరునాడు అంతా మామూలే. మళ్లీ నెలల తరువాత ఇంకో రోజు. 1987 దాకా ఇలాంటి రోజులు 26 వచ్చాయి.

మొదట అందరూ ఫ్యాక్టరీలనూ వాహనాలనూ అనుమానించారు. ఆ రోజుల్లో కాలుష్య కొలతలు తీసి చూస్తే, రోగులను అంతగా ముంచేసే కారణం ఏదీ చిక్కలేదు. అప్పుడు జోసెప్ ఆంతో అనే వైద్యుడు, ఆయన బృందం రోగుల చిరునామాలు పటం మీద గుర్తించారు. చుక్కలన్నీ రేవు చుట్టూ గుమిగూడాయి. రేవులో ఏ రోజున ఏ ఓడలోంచి ఏ సరుకు దించారో రికార్డులు తెప్పించి తేదీలు పోల్చారు. గోధుమ, మొక్కజొన్న, బొగ్గు, సిమెంటు, అన్నీ చూశారు. తేదీలకు తేదీలు కలిసింది ఒక్క సోయా చిక్కుడు గింజలతోనే. ఆ ఆయాసపు రోజులన్నిటిలోనూ రేవులో సోయా దించుతున్నారు.

సోయా దించిన ప్రతి రోజూ ఆయాసాలు రాలేదు కదా అన్న ప్రశ్న మిగిలింది. దానికి జవాబు గాలి ఇచ్చింది. గాలి మందంగా, ఊరి మీదికి వీచిన రోజుల్లో దుమ్ము ఊళ్లో నిలిచింది. మిగతా రోజుల్లో చెదిరిపోయింది. రోగుల రక్తం పరీక్షిస్తే ప్రతి నలుగురిలో సుమారు ముగ్గురికి సోయాకు ఎదురైన ఐజీఈ ఉంది. అదే ఊళ్లోని ఇతర ఉబ్బస రోగుల్లో నూటికి అయిదుగురికి మించి లేదు. విషం గింజలో కాదు, గింజ పొట్టు దుమ్ములో ఉంది. రేవులోని ధాన్యపు గోపురాల్లో ఒకదాని పైకప్పు దగ్గర దుమ్మును పట్టే గుడ్డ సంచుల వడపోత లేదు. 1987లో అది బిగించారు. ఆ రోజులు ఆగిపోయాయి.

ఆరేడేళ్ల పాటు ఎంతమంది డాక్టర్లు ఎంత మందు పోశారో. చివరికి ఆపింది ఒక గుడ్డ సంచి. మందు అక్కర్లేదని చెప్పడం లేదు, ఆ రోజుల్లో ప్రాణాలు నిలబెట్టింది మందే. కానీ ఎక్కడినుంచి వస్తోందని అడిగినవాళ్లు లేకపోతే 27వ రోజు కూడా వచ్చేది.

ప్రకృతి కూడా ఇలాంటి రోజులు తెస్తుంది. 2016 నవంబర్ 21న ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ మీద ఉరుములతో గాలివాన వచ్చింది. గడ్డి పుప్పొడి తేమకు పగిలి సన్నని తునకలై ఊరంతా కమ్మింది. వేలమంది ఆసుపత్రులకు పరుగెత్తారు, పదిమంది చనిపోయారు. బాధితుల్లో మన దేశంతో సహా ఆసియా సంతతి వారు తమ జనాభా వాటాకు మించి ఉన్నారు. చాలామందికి అంతకుముందు ఉబ్బసం ఉందని కూడా తెలియదు. మన పిల్లలు చదువులకు, ఉద్యోగాలకు ఆ దేశం వెళుతున్న రోజులివి. అక్కడ వసంతకాలంలో తుమ్ములు, కళ్ల దురద ఉన్నవారు డాక్టరును కలిసి ఇన్‌హేలర్ దగ్గర ఉంచుకోవడం మంచిది.

మన ఇళ్లలో

బార్సిలోనాకు రేవు ఉంది. మన ఇళ్లలో పొయ్యి ఉంది. కట్టెలు, పిడకలు, ఊక, పత్తి కంప మండే వంటగదిలో రేణువుల మోతాదు ఏ పారిశ్రామిక వాడకూ తీసిపోదు. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం, దేశమంతటా 2016లో ఉజ్వల పథకం వచ్చి చాలా ఇళ్లకు గ్యాస్ చేరింది. సిలిండర్ ఉన్నా నీళ్లు కాచుకోవడానికి, పెద్ద వంటకు కట్టెల పొయ్యి వెలిగించే ఇళ్లు ఇంకా చాలా ఉన్నాయి. మొదటి సిలిండర్ ఉచితం, రెండోదానికి డబ్బు లేదు. పొయ్యిని వాకిట్లోకో పెరట్లోకో మార్చడం, ఆ సమయంలో పిల్లలను దూరంగా ఉంచడం పైసా ఖర్చు లేని పని.

తాలింపు ఘాటు గురించి చాలామంది అడుగుతారు. మిరపలోని కాప్సైసిన్ శ్వాసనాళంలోని ఒక నరాల ద్వారాన్ని తడుతుంది. ఆ ద్వారాన్ని కనుగొన్న డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి దక్కింది. దగ్గు, కళ్ల నీళ్లు వస్తాయి. ఉబ్బసం ఉన్నవారికి కాసేపు ఛాతీ పట్టేయవచ్చు. కిటికీ తీసి, వీలైతే గాలిని బయటికి లాగే ఫ్యాను పెడితే సరిపోతుంది. ఇది చిరాకు పెట్టే శత్రువు, లోపల గూడు కట్టే శత్రువు కాదు.

దోమల కాయిల్ అలాంటిది కాదు. 2003లో వెలువడిన ఒక అధ్యయనంలో ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నని రేణువులు 75 నుంచి 137 సిగరెట్ల పొగలోని రేణువులతో సమానమని తేలింది. తలుపులన్నీ మూసి, మంచం కింద కాయిల్ పెట్టి పసిపిల్లలను పడుకోబెట్టే ఇల్లు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. ఆ తండ్రికి బీడీ అలవాటు కూడా లేకపోవచ్చు. దోమతెర కాయిల్ చేసే పని అంతా చేస్తుంది, పొగ ఉండదు.

ఇక అగరుబత్తి, లోబాన్, ఊద్. జుమా రోజున, పండుగనాడు, ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు, అతిథులు వచ్చినప్పుడు వాటి పరిమళం మన ఇళ్లలో ఉంటుంది. సువాసన మన సంప్రదాయంలో ఇష్టమైన విషయం, దాన్ని తప్పు పట్టే ఉద్దేశం నాకు లేదు. కానీ సువాసన వేరు, పొగ వేరు. గ్రాము చొప్పున తూచి చూస్తే అగరుబత్తి నుంచి వచ్చే రేణువులు సిగరెట్ కంటే నాలుగు రెట్లకు పైగా ఉంటాయి. ఒమన్ దేశంలో బడిపిల్లల మీద జరిపి 2009లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో సమతూకంగా ఉంది. ఇంట్లో ధూపం వేయడం వల్ల కొత్తగా ఉబ్బసం వస్తుందని వాళ్లకు రుజువు దొరకలేదు. ఉబ్బసం ముందే ఉన్న పిల్లల్లో మాత్రం ధూపం పిల్లికూతలను పెంచుతోంది. అంటే పక్కింటివాళ్లకు ఏమీ కాకపోయినా, రోగి ఉన్న ఇంట్లో ధూపం బయట వరండాలో వేయాలి, లేదా పొగలేని అత్తరుతో సరిపెట్టుకోవాలి. అత్తరు ఘాటు కూడా పడనివారు కొందరు ఉంటారు. అది రోగిని అడిగి తెలుసుకోవలసిందే.

సిగరెట్, బీడీ, హుక్కా గురించి కొత్తగా చెప్పేది లేదు, ఒక్కటి తప్ప. పొగతాగే ఉబ్బస రోగికి పీల్చే స్టెరాయిడ్ మందు సరిగా పని చేయదు. దాతల డబ్బుతో కొన్న ఇన్‌హేలర్ సగం వృథా.

మన వృత్తుల్లో

మన సమాజంలో చేతివృత్తుల మీద బతికేవారు ఎక్కువ. దూదేకుల, నూర్‌బాషా కుటుంబాలు తరతరాలుగా దూది ఏకారు. విల్లుతో ఏకినా, తరువాత మర వచ్చినా, ఆ గదిలో తెల్లటి నూగు గాలిలో తేలుతూనే ఉంటుంది. 1700లోనే ఇటలీ వైద్యుడు రమజ్జీని నార దువ్వే పనివారి దగ్గు గురించి రాశాడు. పత్తి దుమ్ముతో వచ్చే జబ్బుకు ఒక గుర్తు ఉంది: సెలవు తరువాత పనిలోకి వచ్చిన మొదటి రోజున ఛాతీ బిగుసుకోవడం, వారం గడిచేకొద్దీ తగ్గడం. మొదట్లో వారానికి ఒక్క రోజే. ఏళ్లు గడిచాక అన్ని రోజులూ. పత్తి మీద బతికే సూక్ష్మజీవుల విషపదార్థం దీనికి ప్రధాన కారణాల్లో ఒకటి. ఇది ఉబ్బసం కాదు గానీ దాని దాయాది. ఉబ్బసం ఉన్న మనిషి ఆ పని చేస్తే రెండూ కలిసి బాధిస్తాయి.

కార్ల షెడ్లలో పెయింటింగ్ చేసే కుర్రాళ్ల సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. రెండు డబ్బాలు కలిపి కొట్టే గట్టి పెయింట్లలో, ఒకదానిలో ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. 1984 డిసెంబర్‌లో భోపాల్‌ను కాటేసిన వాయువు ఈ కుటుంబానిదే. షెడ్డులో ఉన్నది దాని దూరపు చుట్టం, అంత ప్రాణాంతకం కాదు. కానీ పనివల్ల వచ్చే ఉబ్బసానికి ప్రపంచంలో పేరుమోసిన కారణాల్లో ఇది ఒకటి. నెలలో ఏళ్లో ఏమీ కాదు. ఒకసారి శరీరం దాన్ని శత్రువుగా గుర్తుపట్టిందంటే, ఆపైన వాసన కూడా తెలియనంత కొద్దిపాటికే ఆయాసం వస్తుంది. అది కూడా చాలాసార్లు పని దగ్గర కాదు, ఇంటికి వెళ్లాక రాత్రి. అందుకే ఎవరూ పనిని అనుమానించరు. మూతికి కట్టుకున్న రుమాలు ఆవిరిని ఆపదు. ఎన్95 మాస్కు కూడా రేణువులనే ఆపుతుంది, ఆవిరిని ఆపదు. దానికి బయటినుంచి గాలి అందించే ముసుగు కావాలి, లేదా పని మారాలి. మారడం ఎంత ఆలస్యమైతే కోలుకోవడం అంత కష్టం.

పిండిమర, మిర్చి గోదాం, వెల్డింగ్, చెక్క పని, ఇలా జాబితా పెంచుకుంటూ పోవచ్చు. అన్నిటికీ కలిపి ఒకే ప్రశ్న పనికొస్తుంది: సెలవుల్లో, ఊరెళ్లినప్పుడు నీ ఆయాసం ఎలా ఉంటుంది? తగ్గుతుంది అని చెబితే, పని దగ్గరి గాలిని అనుమానించాలి. శిబిరాల్లో పేర్లు రాసుకునే వాలంటీరు కూడా అడగగల ప్రశ్న ఇది.

దాతల డబ్బు ఎటు వెళ్లాలి

ఉబ్బసం పేరిట సేవాసంస్థలకు వచ్చే అర్జీలు ఎక్కువగా రెండు రకాలు: నెబ్యులైజర్ యంత్రం కొనిపెట్టమని, ఆసుపత్రి బిల్లు కట్టమని. రెండూ న్యాయమైనవే. కానీ రెండూ పొంగు వచ్చిన తరువాతి ఖర్చులు. యంత్రం కనిపిస్తుంది, ఫోటో తీసుకోవచ్చు, అందుకే దాతలకు కూడా అది నచ్చుతుంది. దానితో పోలిస్తే ఓ తల్లి చేతికి నెలనెలా ఇచ్చే చిన్న ఇన్‌హేలర్ ఎవరికీ కనిపించదు. నా అభిప్రాయంలో ముందు వెళ్లవలసింది దానికే.

ఎందుకంటే, ఆయాసం వచ్చినప్పుడు పీల్చే సాల్బుటమాల్ కండరం బిగుతును వదులు చేస్తుంది, వాపును ముట్టుకోదు. వాపు లోపల పెరుగుతూనే ఉంటుంది. అది ఒక్కటే వాడుకుంటూ పోవద్దని ఉబ్బస చికిత్సకు మార్గదర్శకాలు రాసే అంతర్జాతీయ సంస్థ గీనా 2019లో స్పష్టంగా చెప్పింది. వాపును తగ్గించేది రోజూ పీల్చే స్టెరాయిడ్. స్టెరాయిడ్ అనగానే భయపడి మానేసేవారు ఎక్కువ. మాత్ర మోతాదు మిల్లీగ్రాముల్లో ఉంటే ఇది మైక్రోగ్రాముల్లో ఉంటుంది, నేరుగా గొట్టానికే చేరుతుంది. వాడాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. బాగుందని మానేస్తే కొన్ని వారాల్లో వాపు తిరిగి వస్తుంది. రమజాన్‌లో ఇన్‌హేలర్ వాడితే ఉపవాసం ఉంటుందా అన్నదానిపై ఉలమాల్లో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. మీరు నమ్మే ఆలిమ్‌ను ముందే అడగండి. చాలామందికి ఈ మందు రోజుకు రెండు సార్లే కాబట్టి డాక్టరుతో మాట్లాడి సహరీకి, ఇఫ్తార్‌కు సర్దుకోవచ్చు. పగలు ఆయాసం ముంచుకొస్తే మాత్రం ఆలోచించకుండా మందు పీల్చాలి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఉపవాసం తరువాత పూర్తి చేసుకునే వెసులుబాటు ఉండనే ఉంది.

మందుతో పాటు ఒక దోమతెర, గ్యాస్ సిలిండర్‌కు ఏడాదికి రెండు మూడు రీఫిల్లులు, వంటగదికి ఒక ఫ్యాను ఇస్తే ఆ ఇంటి గాలి కూడా మారుతుంది. పెయింటు షెడ్డు కుర్రాడికి వేరే పని నేర్పించే ఖర్చు కూడా నా లెక్కలో వైద్య సహాయమే.

చివరిగా స్పేసర్ సంగతి. ఇన్‌హేలర్‌ను నేరుగా నోట్లో కొట్టుకుంటే మందు ఎక్కువగా నాలుక మీద, గొంతులో పడుతుంది. పిల్లలకైతే మరీ. మధ్యలో ఒక బోలు గొట్టం పెడితే మందు లోపలిదాకా వెళుతుంది. ప్రాణాపాయం లేని ఆయాసంలో పిల్లలకు ఇన్‌హేలర్, స్పేసర్ కలిపి వాడితే నెబ్యులైజర్‌కు తీసిపోదని అనేక పరీక్షల్లో తేలింది. ఆ స్పేసర్ కూడా కొనలేనివారి కోసం దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో హెదర్ జార్ అనే పిల్లల వైద్యురాలు అర లీటరు ప్లాస్టిక్ నీళ్ల సీసాతో చేసి చూపారు. అడుగున ఇన్‌హేలర్ మూతి సరిగ్గా పట్టేంత రంధ్రం వేడి తీగతో చేసి, చుట్టూ జిగురుతో మూసేశారు. సీసా మూతి పిల్లవాడి నోటికి. 1999లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఆ ఫలితాల్లో సీసా, దుకాణంలో కొన్న స్పేసర్‌తో సమానంగా పనిచేసింది. ప్లాస్టిక్ కప్పు మాత్రం అన్నిటికంటే వెనకబడింది, కాబట్టి కప్పుతో చేసుకోవద్దు. రంధ్రం చుట్టూ గాలి పోకూడదు. ఒక్కసారి నొక్కి, అయిదారు సార్లు నెమ్మదిగా ఊపిరి పీల్చనివ్వాలి, తరువాతే రెండోసారి నొక్కాలి. వారానికోసారి సబ్బునీళ్లలో ముంచి తీసి, గుడ్డతో తుడవకుండా నీడలో ఆరబెట్టాలి. తుడిస్తే ప్లాస్టిక్‌కు విద్యుదావేశం వచ్చి మందు గోడకే అంటుకుంటుంది.